కుక్కనా, పిల్లినా? ముందు ఇల్లాలిని అడగండి

పిల్లలున్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ గొడవ రాక తప్పదు. "అమ్మా, కుక్కపిల్లని తెచ్చుకుందామే" అని కొడుకు. "కాదు, పిల్లిపిల్ల కావాలి" అని కూతురు. నాన్నగారేమో పేపరు అడ్డం పెట్టుకుని "మీ అమ్మనడగండి" అని తప్పించుకుంటారు. తప్పించుకోవడానికి అన్నా ఆ మాట మాత్రం నిజం. ముచ్చట ఎవరిదైనా చాకిరీ మనదే కదా! పొద్దున్నే దాని గిన్నె కడగాలి, పిల్లలు స్కూల్లో, ఆయన డ్యూటీలో ఉన్నంతసేపూ అది మన కాళ్ళలోనే తిరుగుతుంది. అందుకని ఏది ముద్దొస్తుంది అని కాకుండా, మన ఇంటికి, మన తీరికకి ఏది సరిపడుతుంది అని చూసుకుందాం.

మాది గరివిడి. ఫెర్రో ఎల్లాయిస్ ఫ్యాక్టరీ వచ్చాక పెరిగిన ఊరు. ఒక పక్క క్వార్టర్లు, అద్దె ఇళ్ళు, ఇంకో పక్క పెరడూ గడ్డివామీ ఉన్న పాతకాలం ఇళ్ళు. పశువైద్య కళాశాల కూడా మా ఊళ్ళోనే ఉంది. అంచేత సలహాలకి మాత్రం కొదవ లేదు. మాకు పాలు పోసే ముసలమ్మ సలహా ఇదీ: "ఓలమ్మా, పిల్లికేటమ్మా, దాని తిండి అదే సూసుకుంటాది. కుక్కైతే నీకు ఇంకో గుంటడు పుట్టినట్టే." మా అత్తగారిది ఇంకో మాట: "ఏదైనా తెచ్చుకోండి, నా పూజగది గడప మాత్రం దాటకూడదు." రెండిట్లోనూ ముసలమ్మ మాటే ఎక్కువ ఆలోచించదగ్గది. సగం నిజం, సగం కాదు.

కుక్క సంగతి ముందు చెప్పుకుందాం. కుక్కకి తిండి కన్నా ఎక్కువ కావలసింది మనిషి. రోజుకి రెండు పూటలా బయటికి తిప్పాలి, వానైనా ఎండైనా. పొద్దున్నించీ సాయంత్రం దాకా కట్టేసి వదిలేస్తే ఊరికే అరుస్తుంది, చెప్పులు కొరుకుతుంది, గుమ్మం గీకుతుంది. మనం దాన్ని పొగరు అనుకుంటాం. పొగరు కాదండీ, దిగులు. పైగా అది పదీ పన్నెండేళ్ళు బతుకుతుంది. మూడో క్లాసు పిల్లాడి కోసం తెస్తే, వాడు ఇంటరు పూర్తిచేసి హాస్టలుకి వెళ్ళిపోయాక కూడా అది మన గుమ్మంలోనే ఉంటుంది. అప్పుడు దాని ముసలితనానికి మందులు మింగించేది ఎవరో మీకే తెలుసు.

మా వీధిలో ఇదివరకు అద్దెకున్నవాళ్ళు పిల్లల పోరు పడలేక తెల్లటి బొచ్చుకుక్కని కొన్నారు. మూడేళ్ళు మహా ముద్దుగా పెంచారు. తర్వాత బదిలీ అయింది. వెళ్ళే చోట అపార్టుమెంటు, ఇంటివాళ్ళు కుక్క వద్దన్నారట. సామాను లారీ ఎక్కింది, కుక్క గేటు దగ్గరే ఉండిపోయింది. పక్కవాళ్ళం తలో ముద్దా పెట్టాం గానీ అది తినేది కాదు. ఏ లారీ చప్పుడైనా లేచి గేటుకి అడ్డం నిలబడేది. ఇంట్లో పెరిగిన కుక్కకి వీధిలో బతకడం రాదు, వీధికుక్కలు దాన్ని బతకనివ్వవు. రెండు నెలలు కూడా లేదు పాపం. భారతంలో ధర్మరాజు స్వర్గం గుమ్మం దగ్గర నిలబడి, వెంట వచ్చిన కుక్కని వదిలి లోపలికి రానన్నాడు. మనం అంత దూరం వెళ్ళక్కర్లేదు. బదిలీ ఉద్యోగమైతే, సొంతిల్లు లేకపోతే, కుక్క మాట ఎత్తే ముందు "వెళ్ళేటప్పుడు దీన్ని తీసుకెళ్ళగలమా" అని ఇంటాయన చేత ఒప్పించుకోండి.

పిల్లల మాట నమ్మొచ్చా అంటే, దానికి ఒక చిన్న పరీక్ష ఉంది. "నేనే తిప్పుతానమ్మా, నేనే స్నానం చేయిస్తానమ్మా" అంటారు కదా. సరే, కుక్క లేకుండానే పదిహేను రోజులు పొద్దున్న అయిదున్నరకి లేచి, స్టేషను దాకా నడిచి రమ్మనండి. వచ్చాక ఒక గిన్నె కడిగి, వాకిట్లో ఒక మూల తుడవమనండి. పదిహేను రోజులూ చేస్తే నిరభ్యంతరంగా తెచ్చుకోండి. మా ఇంట్లో ఈ పరీక్ష నాలుగో రోజుకే ముగిసింది. అంచేత మా ఇంట్లో ఉన్నది పిల్లి!

తెచ్చుకునేదేదో నాటుకుక్కపిల్లనే తెచ్చుకోమని నా మాట. మంచు దేశాల్లో బండ్లు లాగే ఒత్తు బొచ్చు కుక్కల్ని తెచ్చి మన ఉక్కపోతలో కట్టేస్తున్నారు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి ఫ్యాను. నాటుకుక్క ఈ గాలికి, ఈ ఎండకి అలవాటు పడ్డది. కొల్లేరు వైపు బాతుల మందల్ని కాసే జోనంగి కుక్కలు మన తెలుగువాళ్ళవే. డబ్బు పోసి పేరు కొనుక్కోవాలా చెప్పండి? ఏ కుక్కనైనా ఎండాకాలం మధ్యాహ్నం తారురోడ్డు మీద నడిపించకండి. మన అరచెయ్యి ఆ రోడ్డు మీద ఆనించి ఉంచలేకపోతే దాని పాదం కూడా ఓర్చుకోలేదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు కట్టు విప్పి లోపలికి తెచ్చుకోండి. 2014 హుద్‌హుద్ చూసిన మన జిల్లాలవాళ్ళకి అది వేరే చెప్పక్కర్లేదు.

ఇక పిల్లి. దాన్ని తిప్పక్కర్లేదు, అరుపుల గొడవ తక్కువ, తన ఒళ్ళు తానే నాకి శుభ్రం చేసుకుంటుంది. ఒక మూల తొట్టిలో ఇసుక పోసి చూపిస్తే రెండు మూడు రోజుల్లో అక్కడికే వెళ్ళడం నేర్చుకుంటుంది. బియ్యం డబ్బా చుట్టూ, మినుముల బస్తా చుట్టూ ఎలకలు తగ్గుతాయి. పగలు నాలుగు గంటలు మనం ఇంట్లో లేకపోయినా బెంగపెట్టుకోదు, హాయిగా మంచం మీద పడుకుంటుంది. ఇంట్లో ఒక్కచేత్తో పని చేసుకునే ఆడదానికి పిల్లే సుఖం అని నేను ఖాయంగా చెప్తాను.

అయితే "దాని తిండి అదే చూసుకుంటుంది" అన్నదే ముసలమ్మ పొరపాటు. పిల్లికి మాంసమో చేపో లేకపోతే కుదరదు. టారిన్ అనే పదార్థం దానికి మాంసాహారంలోంచే రావాలి. అది అందకపోతే కళ్ళు పోతాయి, గుండె పాడవుతుంది. ఎలకలు రోజూ దొరకవు, దొరికినా విషం తిన్న ఎలక అయితే పిల్లి ప్రాణానికే ముప్పు. ఉత్త పెరుగన్నంతో, పాలతో పిల్లిని పెంచుతున్నాం అనేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. పాలు కూడా ఎదిగిన పిల్లులకి చాలావాటికి అరగవు, విరేచనాలవుతాయి. అంచేత పూర్తి శాకాహారులైతే, ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, కుక్కే నయం. డాక్టరు సలహాతో అన్నం, పప్పు, పెరుగు, కూరగాయలు కుదురుగా పెడితే కుక్క నెగ్గుకొస్తుంది. పిల్లి నెగ్గుకు రాదు.

వంటింటి తరఫున ఇంకో మాట. మిగిలిన సాంబారన్నం కుక్కకి పడేయడం మన ఇళ్ళలో మామూలే. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కకీ పిల్లికీ కూడా పడవు, వాటి రక్తాన్ని పాడుచేస్తాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కకి విషం కిందే లెక్క. ఉడికిన కోడి ఎముకలు విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. అంచేత ఉప్పూ కారం ఉల్లీ వెయ్యకముందే దాని వాటా తీసి పక్కన పెట్టేయండి. పిల్లికి జ్వరంగా ఉందని మన పారాసిటమాల్ ముక్క వేశారో, ఆ ముక్కే దాని ప్రాణం తీస్తుంది. ఫినాయిల్‌తో గచ్చు తుడిస్తే ఆరేదాకా పిల్లిని బయట ఉంచండి. తడిలో నడిచి పాదాలు నాక్కుంటుంది కదా.

ఆపరేషన్ సంగతి కూడా మొదటే అనుకోవాలి. ఆడపిల్లి అయిదో నెలలోనే చూలు కట్టవచ్చు, ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనుతుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఆ ఏడిళ్ళవాళ్ళూ చివరికి మన ఇంటి మీదకే వస్తారు! వేళకి ఆపరేషన్ చేయిస్తే ఎవరికీ బాధ లేదు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం పొయ్యి ఆపి చదవండి. రేబిస్. మనుషులకి వచ్చే రేబిస్‌లో నూటికి 99 వంతులు కుక్కల వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అలాగని పిల్లి వల్ల రాదనుకోకండి, దాని కాటూ గోటి గీతా కూడా లెక్కలోకి వస్తాయి. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక ఇక బతికించడం దాదాపు అసాధ్యం. కానీ వేళకి టీకా వేయించుకుంటే రాకుండా ఆపవచ్చు. మధ్యలో ఉన్నదల్లా మనం చేసే ఆలస్యమే.

మన వైపు కరిచిన చోట సున్నం పెడతారు, కారం అద్దుతారు, పసరు పోయిస్తారు. ఇవేవీ వద్దు. సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, ఎందుకంటే పదిహేను నిమిషాలు మనం అనుకున్నంత తక్కువ కాదు. వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు అని భయపెట్టే రోజులు పోయాయి, ఆ పాత మందుని 2005 నాటికే మన దేశంలో ఆపేశారు. ఇప్పుడు చేతికే సన్నటి సూదితో వేస్తున్నారు. మొదటి రోజు ఒకసారి, ఆ తర్వాత 3, 7, 28 రోజులకి. నొప్పి తగ్గిందని మధ్యలో మానేయకూడదు. గాయం లోతుగా ఉంటే, రక్తం వస్తే, గాయంలోనే వేసే సీరం కూడా కావాలని డాక్టర్ని మీరే గుర్తుచేసి అడగండి. కరిచింది పెంపుడుదైనా, టీకాలు వేసినదైనా సరే, డాక్టరు చూడకుండా "మన కుక్కే కదా" అని ఊరుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం ఇంకోటి ఉంది. పిల్లలు చెప్పరు. కుక్క తోక లాగానని అమ్మ కొడుతుందేమోనని, పిల్లి గీరిన చెయ్యి చొక్కా కింద దాచేస్తారు. పదిహేను రోజుల తర్వాత స్నానం చేయిస్తుంటే గీత కనబడుతుంది. దేన్ని తెచ్చుకున్నా, తెచ్చిన రోజే పిల్లల్ని కూర్చోబెట్టి "కరిచినా గీరినా నాకు చెప్పు, నేను తిట్టను" అని చెప్పండి. అని ఊరుకోవడం కాదు, నిజంగానే తిట్టకండి. ఒక్కసారి తిడితే రెండోసారి దాచేస్తారు.

జంతువుకి వేయించాల్సిన టీకాలు కష్టమేం కాదు. కుక్కపిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకి టీకాలు మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన తేదీలకి మళ్ళీ వేయించాలి. రక్తవిరేచనాలతో కుక్కపిల్లలు రెండు మూడు రోజుల్లో చచ్చిపోయేది ఆ పార్వో వల్లే. మూడు నెలలకి రేబిస్ టీకా, కుక్కకైనా పిల్లికైనా. తర్వాత ఏడాదికోసారి. 1885 జులై 6న పాశ్చర్ మహాశయుడు ఫ్రాన్సులో, పిచ్చికుక్క కరిచిన ఒక పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా ఇచ్చాడు. ఆ రోజు గుర్తుగా ఏటా జులై 6న మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. క్యాలెండరులో పాలవాడి లెక్క రాసుకునే చోటే ఆ తేదీ చుట్టూ ఒక సున్నా చుట్టుకోండి.

ఇంట్లో కడుపుతో ఉన్న కోడలో కూతురో ఉంటే పిల్లి ఇసుకతొట్టి ఆ అమ్మాయి చేత తీయించకండి. పిల్లి మలంలోంచి టాక్సోప్లాస్మా అనే క్రిమి సోకితే కడుపులో బిడ్డకి ప్రమాదం. ఆ క్రిమి బయటపడ్డాక అంటుకునే దశకి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, అంచేత ఇంకొకరు రోజూ తీసి పారేస్తే భయం చాలావరకు తగ్గుతుంది. దానికోసం పిల్లిని తరిమేయక్కర్లేదు. ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే, తెచ్చుకునే ముందు పిల్లి ఉన్న ఇంట్లో ఒక పూట కూర్చోబెట్టి చూడండి. తుమ్ములు, ఆయాసం మొదలైతే అక్కడితోనే ఆపేయొచ్చు.

పిల్లిపిల్లనైనా కుక్కపిల్లనైనా ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి నుంచి విడదీయకండి. పిల్లిని తెచ్చాక వారం రోజులు ఒకే గదిలో ఉంచి, తిండీ నీళ్ళూ ఇసుకా అక్కడే పెట్టండి. మంచం కిందే నక్కి కూర్చుంటే లాగొద్దు. రెండో రోజో మూడో రోజో, చేప వేయించే వాసనకి అదే వస్తుంది.