వాదం వేరు, అపవాదు వేరు

2016 జూన్ 23న బ్రిటన్ ప్రజల ముందు ఒకే ఒక ప్రశ్న నిలిచింది. ఐరోపా సమాఖ్యలో సభ్యదేశంగా కొనసాగాలా, వైదొలగాలా? ఓటర్లలో 72 శాతం మంది తీర్పు చెప్పారు. వైదొలగాలని 1 కోటీ 74 లక్షల మంది, కొనసాగాలని 1 కోటీ 61 లక్షల మంది కోరారు. ఇంగ్లండ్, వేల్స్ ఒక దారి ఎంచుకోగా స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ మరో దారిని కోరాయి. వృద్ధులలో అధికులు వైదొలగాలన్నారు, యువతలో అత్యధికులు కొనసాగాలన్నారు. ఆ విధంగా ఈ చీలిక ఇళ్లలోకి కూడా ప్రవేశించింది.

ఎక్కడో పశ్చిమాన జరిగిన ఈ వివాదంతో మనకేం పని అని కొందరు పాఠకులకు సందేహం కలగవచ్చు. చదువు కోసం, ఉపాధి కోసం మన ఊళ్ల నుంచి బ్రిటన్ వెళ్లిన పిల్లలు ఎందరో ఉన్నారు. వారు అద్దెకుంటున్న వీధులలోనే ఈ వాదన సాగింది, నేటికీ సాగుతూనే ఉంది. పైగా, న్యాయమైన వాదన సాటి మనుషుల మీద అపవాదుగా ఎలా మారుతుందో గ్రహించడానికి ఈ ఉదంతం ఎంతగానో తోడ్పడుతుందని మేము భావిస్తున్నాము.

ఇరుపక్షాల న్యాయం

బ్రిటన్ 1973లో నాటి ఐరోపా ఆర్థిక సమాజంలో చేరింది. 1975లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 67 శాతం మంది ఆ సభ్యత్వాన్ని ఆమోదించారు. కాలక్రమేణా ఆ ఆర్థిక కూటమి రాజకీయ సమాఖ్యగా రూపుదాల్చింది. సభ్యదేశం చేసిన చట్టం సమాఖ్య చట్టంతో విభేదిస్తే సమాఖ్య చట్టమే చెల్లుతుంది. ఒక సభ్యదేశపు పౌరుడు మరో సభ్యదేశంలో నివసించవచ్చు, పని చేసుకోవచ్చు. తమను పాలించే చట్టాలను తాము ఎన్నుకున్న పార్లమెంటే చేయాలని, తమ దేశంలోకి ఎవరు రావాలో తామే నిర్ణయించుకోవాలని బ్రిటిష్ పౌరుడు కోరితే అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు.

వలసల విషయంలోనూ ప్రజల ఆవేదనకు ఆధారం ఉంది. 2004లో 10 దేశాలు సమాఖ్యలో చేరాయి. వాటిలో 8 తూర్పు, మధ్య ఐరోపా దేశాలు. వాటి పౌరులకు బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్ వెంటనే తలుపులు తెరిచాయి. బ్రిటన్‌కు ఏటా 5 వేల నుంచి 13 వేల మంది మాత్రమే వస్తారని ప్రభుత్వం కోసం తయారైన అంచనా చెప్పింది. వచ్చినవారి సంఖ్య దానికి ఎన్నో రెట్లు మించిపోయింది. 2010లో అధికారంలోకి వచ్చిన నాయకులు నికర వలసలను, అంటే వచ్చినవారికీ వెళ్లినవారికీ మధ్య తేడాను, లక్ష లోపుకు తగ్గిస్తామని మాట ఇచ్చి నిలబెట్టుకోలేకపోయారు. లింకన్‌షైర్‌లోని బోస్టన్ చుట్టూ కూరగాయల తోటలున్నాయి, వాటిలో పనికి తూర్పు ఐరోపా కూలీలు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఆ పట్టణంలో 75.6 శాతం మంది వైదొలగడానికే ఓటు వేశారు. వారందరినీ ద్వేషులని ముద్ర వేయడం అన్యాయం.

రెండో పక్షానికీ బలమైన కారణాలున్నాయి. బ్రిటన్ ఆసుపత్రులలో, పొలాలలో, నిర్మాణ పనులలో ఐరోపా కార్మికుల శ్రమ ఇమిడి ఉంది. లక్షలాది బ్రిటిష్ పౌరులు స్పెయిన్, ఫ్రాన్స్ తదితర దేశాలలో స్థిరపడ్డారు. దశాబ్దాల రక్తపాతం తర్వాత 1998లో కుదిరిన ఒప్పందంతో ఉత్తర ఐర్లాండ్‌లో శాంతి నెలకొంది. సమాఖ్యను వీడితే ఐర్లాండ్ సరిహద్దులో మళ్లీ తనిఖీలు మొదలవుతాయేమో అన్న భయం అక్కడివారిది.

అపవాదు అడుగుపెట్టిన చోటు

ఇంతవరకూ ఉన్నది వాదమే. ప్రచారం ఊపందుకున్నాక మాట గతి తప్పింది. వారానికి 35 కోట్ల పౌండ్లు సమాఖ్యకు పంపుతున్నామని ఒక బస్సు మీద పెద్ద అక్షరాలతో రాసి ఊరూరా తిప్పారు. బ్రిటన్‌కు లభించే తగ్గింపును, తిరిగి వచ్చే నిధులను అందులో మినహాయించలేదు. ఆ అంకె తప్పుదోవ పట్టిస్తోందని దేశ గణాంక ప్రాధికార సంస్థే హెచ్చరించింది. అయినా బస్సు ఆగలేదు.

7 కోట్ల 60 లక్షల జనాభా గల టర్కీ సమాఖ్యలో చేరబోతోందని మరో పోస్టర్ వెలిసింది. తెరిచిన తలుపులా చిత్రించిన బ్రిటిష్ పాస్‌పోర్టులోకి వెళుతున్న అడుగుజాడలను దాని మీద ముద్రించారు. టర్కీతో 2005లో మొదలైన చర్చలు అప్పటికి ఎంతో దూరం సాగలేదు. ఏ కొత్త దేశం చేరాలన్నా ప్రతి సభ్యదేశం ఒప్పుకోవాలి, అంటే బ్రిటన్ కాదంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. పోస్టర్‌లో ఈ సంగతి లేదు. ముస్లిములు అధికంగా ఉన్న ఒక దేశం పేరు, భయపెట్టే ఒక అంకె మాత్రమే ఉన్నాయి.

జూన్ 16న నైజెల్ ఫరాజ్ ఇంకో పోస్టర్‌ను ఆవిష్కరించారు. 2015లో స్లోవేనియా సరిహద్దు దాటుతున్న శరణార్థుల బారు అందులో ఉంది. యుద్ధం నుంచి ప్రాణాలు దక్కించుకొని వస్తున్న ఆ అభాగ్యులకూ, సమాఖ్య పౌరుల రాకపోకల హక్కుకూ సంబంధమే లేదు. వైదొలగాలని ప్రచారం చేసిన మంత్రి మైకేల్ గోవ్ సైతం ఆ పోస్టర్‌ను చూసి వణికిపోయానని అన్నారు. ఒకే పక్షంలో ఉంటూ కూడా వాదానికీ అపవాదుకూ మధ్య గీత గీయవచ్చునని దీనివల్ల తెలుస్తోంది.

అదే రోజు మధ్యాహ్నం యార్క్‌షైర్‌లోని బర్‌స్టల్‌లో, నియోజకవర్గ ప్రజలను కలుసుకోవడానికి వచ్చిన పార్లమెంటు సభ్యురాలు జో కాక్స్‌ను తీవ్ర జాతివాద భావాలు గల వ్యక్తి హత్య చేశాడు. 2015లో పార్లమెంటులో చేసిన తొలి ప్రసంగంలో ఆమె తన ప్రాంతాన్ని సుసంపన్నం చేసిన వారిగా ఐరిష్ కాథలిక్కులతో పాటు గుజరాత్ ముస్లిములను, కశ్మీర్ మూలాలు గల పాకిస్తానీయులను ప్రస్తావించారు. ఆమె హత్యకు ఆ పోస్టరే కారణమని మేము అనడం లేదు. కానీ మాటలతో వాతావరణం విషపూరితమైతే ఆ గాలినే అందరూ పీల్చవలసి వస్తుంది. 2015 జూలైతో పోలిస్తే 2016 జూలైలో ఇంగ్లండ్, వేల్స్‌లలో జాతి, మత ద్వేషంతో కూడిన నేరాలు 41 శాతం అధికంగా నమోదయ్యాయి.

మనవారూ రెండు పక్షాలలో

దక్షిణాసియా వారంతా ఒకేవైపు నిలబడ్డారనుకుంటే పొరపాటు. ఓటింగ్ నాటి ఆష్‌క్రాఫ్ట్ సర్వే ప్రకారం ముస్లిం ఓటర్లలో దాదాపు 10 మందిలో ముగ్గురు వైదొలగడానికే ఓటు వేశారు. ఐరోపా వలసలు తగ్గితే ఉపఖండం నుంచి వంటవారిని తెచ్చుకోవచ్చని కర్రీ రెస్టారెంట్ల యజమానులకు ఆశ చూపారు. అది నెరవేరలేదని వారిలో పలువురు తర్వాత వాపోయారు. ఇంకొకరికి తలుపు మూస్తే మనకు తెరుస్తారనే లెక్క ఎంత బలహీనమైనదో గమనించాలి.

2020 జనవరి 31న బ్రిటన్ సమాఖ్య నుంచి నిష్క్రమించింది. 2021 నుంచి కొత్త వీసా విధానం అమలులోకి వచ్చింది. ఐరోపావారి రాక తగ్గింది, ఇతర దేశాలవారి రాక పెరిగింది. ఓటింగుకు ముందు 3 లక్షల 33 వేలుగా ప్రకటించిన నికర వలస 2023లో 9 లక్షలు దాటి, తర్వాత తగ్గుముఖం పట్టింది. వచ్చినవారిలో విద్యార్థులుగా, ఆరోగ్య సంరక్షణ సిబ్బందిగా భారతీయులు ముందు వరుసలో ఉన్నారు. దానితో ప్రజాగ్రహం వారివైపు మళ్లింది. పరిశోధన కోర్సులవారు మినహా విద్యార్థులు భార్యాబిడ్డలను తీసుకురాకుండా 2024 జనవరి నుంచి, సంరక్షణ సిబ్బంది తీసుకురాకుండా మార్చి నుంచి ఆంక్షలు విధించారు. పిల్లలను అక్కడికి పంపదలచిన తల్లిదండ్రులు ఏజెంట్ మాటల మీద ఆధారపడక ఈ నిబంధనలను స్వయంగా తెలుసుకోవడం అవసరం.

విభేదించే మర్యాద

మదరసాలలో ఫిఖ్‌హ్ బోధించేటప్పుడు ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) అభిప్రాయంతో పాటు ఇమామ్ షాఫయీ (రహ్మలై) అభిప్రాయాన్నీ, దాని ఆధారాన్నీ వివరిస్తాము. ఎదుటివారి ఆధారాన్ని సరిగా చెప్పలేని విద్యార్థికి తన మాట కూడా పూర్తిగా అర్థం కానట్టే లెక్క. ఇది ఏ సమాజానికైనా పనికివచ్చే పద్ధతి.

బ్రెగ్జిట్ కాలంలో ప్రధాని బోరిస్ జాన్సన్ తమ్ముడు జో జాన్సన్ 2019 సెప్టెంబరులో మంత్రి పదవిని వదులుకున్నారు. కుటుంబ విధేయతకూ దేశ ప్రయోజనానికీ మధ్య నలిగిపోయానని ఆయన ప్రకటించారు. తన అభిప్రాయాన్ని విడవలేదు, అన్నను దూషించనూ లేదు. జో కాక్స్ కుటుంబం 2017 నుంచి ఏటా జూన్‌లో ఇరుగుపొరుగువారు కలసి భోంచేసే కార్యక్రమానికి పిలుపునిస్తోంది. ఎవరికి ఓటు వేశారని ఆ బల్ల దగ్గర ఎవరూ అడగరు.

దేశ సరిహద్దులు ఎక్కడ ఉండాలి, ఎందరిని రానివ్వాలి అన్నవి ప్రభుత్వాలూ పౌరులూ చర్చించి తేల్చుకోవలసిన విషయాలు. ఆ చర్చ మన ఇంట్లో జరిగినా, మన పిల్లలుంటున్న పరాయి దేశంలో జరిగినా, అంకె చెప్పే ముందు అది నిజమో కాదో విచారించాలి. చిత్రాన్ని ఫోన్‌లో ముందుకు పంపే ముందు అందులోని మనుషులు ఎవరో, ఎందుకు నడుస్తున్నారో తెలుసుకోవాలి. అది తెలియకపోతే పంపకుండా ఊరకుండటమే మేలు.