ఆర్‌సీ కారుకు ఏ అలెన్ కీ కొనాలి?



మన హాస్టల్లో చదివి ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు వెళ్లిన మాలో కొందరికి రిమోట్‌తో నడిచే ఆర్‌సీ కార్ల సరదా పట్టుకుంది. ఇవి జాతరలో దొరికే ఆటబొమ్మలు కావు. చాలావరకు అసలు కారులో పదోవంతు కొలతతో, గేర్లు, షాక్ అబ్జార్బర్లు, డిఫరెన్షియల్‌తో సహా తయారవుతాయి. ప్రతి భాగాన్నీ విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. సెలవులకు మేము వచ్చినప్పుడు మీరు అడిగేదంతా మోటారు గురించి, బ్యాటరీ గురించే. మేము మాత్రం ఈ సంచికలో అలెన్ కీ గురించి రాస్తున్నాం. మోటారు కాలిపోయి మూలపడ్డ కార్లకన్నా, ఒక్క స్క్రూ తల పాడై విప్పడానికి వీలులేక మూలపడ్డ కార్లనే మేము ఎక్కువగా చూశాం.

ఈ కార్ల స్క్రూ తలలో ఆరు మూలల గుంట ఉంటుంది. అందులో పట్టే ఆరుపలకల ఉక్కు కడ్డీయే అలెన్ కీ. 1910 ప్రాంతంలో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో విలియం అలెన్ కంపెనీ ఈ రకం స్క్రూలు తయారుచేయడంతో ఆ పేరు నిలిచిపోయింది. వంచిన కడ్డీని ఎల్ కీ అని, పిడి ఉన్నదాన్ని హెక్స్ డ్రైవర్ అని అంటారు.

షాపుకు వెళ్తే పది ముక్కల డబ్బా చూపిస్తారు. తక్కువ ధరకు అన్ని వస్తున్నాయని ఆశ పుడుతుంది. కానీ ఆర్‌సీ కారుకు కావలసినవి నాలుగే: 1.5, 2, 2.5, 3 మిల్లీమీటర్లు. అందులోనూ పని ఎక్కువగా 2, 2.5 మీదే పడుతుంది. 3 మి.మీ. స్క్రూకు తల గుండ్రని బొడిపెలా ఉన్నా, లోపలికి దిగిపోయేలా ఉన్నా 2 మి.మీ. కీ కావాలి. తల పొడవుగా డబ్బాలా ఉంటే 2.5 కావాలి. మోటారు ఇరుసు మీద చిన్న గేరును పట్టి ఉంచే తలలేని బుల్లి స్క్రూకు చాలా కార్లలో 1.5 సరిపోతుంది. అన్నిటికన్నా ముందు పాడయ్యేది ఈ 1.5 కీయే.

పాత కారు కొన్నవాళ్లు ఒక సంగతి గమనించాలి. టీమ్ అసోసియేటెడ్, లోసీ వంటి అమెరికా కంపెనీల పాత కార్లలో అంగుళాల కొలత స్క్రూలు ఉండేవి. అంగుళంలో 64వ వంతులు 5 అంటే 1.98 మి.మీ., ఇది 2కు దగ్గరే. 32వ వంతులు 3 అంటే మాత్రం 2.38 మి.మీ. ఆ కీని 2.5 గుంటలో పెడితే లోపలికి పోతుంది, తిప్పితే గుంటను గుండ్రం చేసి వస్తుంది. "పట్టింది కదా" అని తిప్పకండి. గుంటలో పెట్టి అటూ ఇటూ కదిపి చూడండి. వదులుగా ఊగితే అది ఆ స్క్రూ కీ కాదు, లేదా అరిగిపోయిన కీ.

ఇక్కడ ఇంటర్ తమ్ముళ్లకు ఒక సలహా. మీ ఫిజిక్స్ ల్యాబులో స్క్రూగేజ్ ఉంటుంది, మిల్లీమీటరులో నూరో వంతు చూపిస్తుంది. రికార్డు కోసం తీగ మందం కొలిచే దానితోనే కీని కూడా కొలవండి. ఎదురెదురు పలకల మధ్య దూరం చూడాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 2 మి.మీ. కీ 1.96కూ 2.00కూ మధ్య ఉండాలి. స్క్రూ గుంట 2.02 కన్నా తక్కువ ఉండదు. అంటే కీ సరిగ్గా ఉన్నప్పుడే నూరో వంతుల్లో సందు ఉంటుంది. కీ 1.90కి వచ్చిందంటే ఆ సందు రెట్టింపు దాటుతుంది. అప్పుడు బలం పలకల మీద పడదు, ఆరు మూలల అంచుల మీదే పడుతుంది. మూల అరగడం మొదలైతే ఇక ఆగదు, కీతో పాటు స్క్రూ కూడా పోతుంది.

ఉక్కు విషయానికి వద్దాం. నల్లగా ఉండే మంచి స్క్రూలు చాలా గట్టివి. కీ కొస వాటికన్నా గట్టిగా ఉండాలి. మామూలు డబ్బాల మీద క్రోమ్ వెనేడియం అని రాస్తారు. చేసినవాడు మంచివాడైతే అదీ చెడ్డది కాదు. ఎస్2 అనే ఉక్కు ఇంకా బాగుంటుంది. డ్రిల్ బిట్లు చేసే హెచ్‌ఎస్‌ఎస్ ఉక్కుతో చేసిన కొసలు ఎక్కువ కాలం మన్నుతాయి, కానీ పక్కకు ఎత్తిపెడితే పుటుక్కున విరుగుతాయి. బంగారు రంగు చూసి మోసపోకండి. అది కొన్ని మైక్రాన్ల పూత, లోపలి ఉక్కు మెత్తదైతే పూత కాపాడదు. ఆకురాయితో రుద్దితే గట్టి ఉక్కు మీద జారుతుంది, మెత్తదాన్ని కొరుకుతుంది. షాపువాళ్లు రుద్దనివ్వరనుకోండి! మెరిసే స్టెయిన్‌లెస్ స్క్రూలు తుప్పు పట్టవు గానీ మెత్తన, వాటికి సరైన కీ మరీ అవసరం.

కొస గుండులా ఉండే కీలు వంపుగా పెట్టినా తిరుగుతాయి. చేయి పట్టనిచోట బాగుంటాయి గానీ, బిగుసుకున్న స్క్రూను వాటితో కదిలించకూడదు. గుండు కింద మెడ సన్నం, అక్కడే తెగుతుంది.

స్లోవేకియాకు చెందిన హుడీ, అమెరికాకు చెందిన ఎంఐపీ ఆర్‌సీ కార్ల కోసమే డ్రైవర్లు చేస్తాయి. కొస అరిగితే కొస మాత్రమే మార్చుకోవచ్చు. ధర ఎక్కువే. జర్మనీ వారి వీహా, వేరా కూడా నమ్మదగ్గవి. అంత పెట్టలేనివాళ్లు మన దేశంలో నాసిక్‌లోని తపారియా వారి ఎల్ కీలు విడిగా కొనుక్కోవచ్చు. సికింద్రాబాద్ రాణీగంజ్ వంటి బజార్లలో పనిముట్ల దుకాణాలు వరుసగా ఉంటాయి. మా మాట ఏమిటంటే, డబ్బా కొనే డబ్బుతో 2, 2.5 రెండే మంచివి కొనండి. నలుగురు కలిసి చందా వేసుకుంటే పిడి ఉన్న డ్రైవర్లే వస్తాయి. కాకపోతే తాళం ఎవరి దగ్గరో ముందే తేల్చుకోండి. రూములో అందరిదీ అయిన వస్తువు సాయంత్రానికి ఎవరిదీ కాదని మీకు మేము చెప్పాలా!

కీ పెట్టేముందు గుంటలో మట్టిని గుండుసూదితో తీసేయండి. మట్టి ఉంటే కీ సగమే దిగుతుంది. ఇనుములోకి దిగిన స్క్రూకు లాక్‌టైట్ బంక వేసి ఉంటే బలం పెట్టకండి. సోల్డరింగ్ ఐరన్ కొస స్క్రూ తలపై కాసేపు ఆనిస్తే బంక మెత్తబడుతుంది. ఎల్ కీ కొస అరిగిందా, పారేయకండి. గ్రైండర్ మీద కొసను ఒకటి రెండు మిల్లీమీటర్లు అడ్డంగా అరగదీస్తే కొత్త మూలలు బయటికి వస్తాయి. మధ్యమధ్యలో నీళ్లలో ముంచుతూ ఉండాలి. కొస నీలంరంగుకు తిరిగితే గట్టిదనం పోయినట్టే, ఆ భాగం కూడా కోసేసి మళ్లీ మొదలుపెట్టాలి.