బొమ్మా? బొరుసా?

అర్థశాస్త్రం ప్రయోగశాలకు లొంగే విద్య కాదని పండితులు చాలాకాలం భావించారు. రసాయనాన్ని గాజుకుప్పెలో పోసి కాచవచ్చును. సంతలో బేరమాడే మనిషిని ఏ కుప్పెలో పెట్టడం? అయినా హార్వర్డులో చాంబర్లిన్ అనే ఆచార్యుడు తన విద్యార్థులనే కొనేవారుగా, అమ్మేవారుగా విభజించి, తరగతిగదిలో చిన్న బజారు నడిపించి, ఫలితాలను 1948లో ప్రకటించాడు. ఆయన శిష్యుడు వెర్నన్ స్మిత్ ఆ పద్ధతిని శాస్త్రంగా తీర్చిదిద్ది 2002లో నోబెల్ బహుమానం అందుకొన్నాడు. నేడు అనేక విశ్వవిద్యాలయాలలో ఇందుకై ప్రత్యేక ప్రయోగశాలలు ఉన్నవి.

కాని ఈ రంగంలో పేరెన్నికగన్న పరీక్ష ఒకటి ఏ విశ్వవిద్యాలయ భవనంలోనూ జరగలేదు. మన మెట్టపల్లెలలో జరిగింది. ఇబ్రహీంపట్నానికి దక్షిణాన మాడ్గుల్ మండలంలో ఔరేపల్లి అనే గ్రామమున్నది. ఒకనాడు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది; 2016 నుంచి రంగారెడ్డి జిల్లాలో చేరింది. పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ సంస్థ 1975లో ఈ గ్రామంతోపాటు మరికొన్ని పల్లెల జీవితాన్ని పరిశీలించ మొదలుపెట్టింది.

వారిని వేధించిన ప్రశ్న ఒకటి. కొత్త విత్తనం, కొత్త ఎరువు చూపినా బీదరైతు వెంటనే చేపట్టడేమి? స్వభావరీత్యా పిరికివాడా? లేక ధైర్యమున్నా చేతిలో పెట్టుబడి లేదా? మొదటిదే నిజమైతే బోధ చేయవలె. రెండవదైతే అప్పు పుట్టించవలె. రెండూ వేరువేరు దారులు.

స్విట్జర్లాండుకు చెందిన హాన్స్ బిన్స్‌వాంగర్ దీనికొక ఆట కల్పించాడు. ఆంధ్ర, మహారాష్ట్ర పల్లెలలోని 240 కుటుంబాలు అందులో పాల్గొన్నవి. ఆటలో పెద్దదానిని చెప్పుతాను. ఏ పందెమూ కాయకుండా 50 రూపాయలు తీసుకొని ఇంటికి పోవచ్చును. లేదా నాణెం ఎగురవేయవచ్చును: బొమ్మ పడితే 45, బొరుసు పడితే 95. ఇంకా తెగించినవారికి 30, 150. అన్నిటికీ చివర, బొమ్మ అయితే సున్న, బొరుసు అయితే 200! సగటు లెక్క వేస్తే మొదటిది 50, చివరిది 100. కాని సగటుతో ఎవరి కడుపూ నిండదు గదా. సొమ్ము పరిశోధకులదే, ఇచ్చినదీ నిజమైన రొక్కమే. ఆనాడు అత్యధిక బహుమానం కూలివాని నెల సంపాదనను మించినది. అర్ధరూపాయి ఆటతో మొదలై, 5 రూపాయలు దాటి, 50 దాకా వచ్చింది.

చిల్లర ఆటలలో ఒక్కొక్కరిదీ ఒక్కొక్క దారి. పందెం పెరిగేకొద్దీ దాదాపు అందరూ మధ్యమార్గానికి చేరారు: మరీ తెగింపూ లేదు, మరీ భయమూ లేదు. కలిగినవారికీ లేనివారికీ చెప్పుకోదగిన భేదం కనబడలేదు! కనుక బీదవాడు వెనుకాడడానికి కారణం పిరికితనం కాదనీ, అప్పు, మార్కెట్టు, సలహా వంటి వసతులు అందకపోవడమేననీ బిన్స్‌వాంగర్ 1980లో వ్రాశాడు.

మరొక విశేషం. ఇదే విషయం నోటితో అడిగి కూడా చూశారు. ఆ జవాబులు అడిగేవారినిబట్టి మారినవి. ఆటలో చేసినదానితో బొత్తిగా పొసగలేదు. ప్రశ్నావళులను గుడ్డిగా నమ్మేవారు ఈ సంగతి ఒకమారు తలచుకొనడం మంచిది.

అయితే కథ అంతటితో ముగియలేదు. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుసెనగ, ఆముదం రైతులకు వర్షబీమా అమ్మజూపారు. నష్టానికి జంకేవాడే బీమాకు ముందుగా రావలె. వచ్చిన ఫలితం తలక్రిందులు: ఎక్కువ జంకేవారే తక్కువగా కొన్నారు. ఎరుగని కాగితం కొనడమే వారికొక జూదమై తోచినది కాబోలు. తన చేనులో వాన పడకపోయినా, లెక్క చూసేది దూరాననున్న వానమాపకంలో! 2006లో ఆంధ్రప్రదేశ్ పల్లెలలో జరిగిన మరొక పరీక్షలో, ఊరివారు నమ్మిన మనిషి పరిచయం చేసినచోట బీమా ఎక్కువగా అమ్ముడుపోయింది. చేతిలో కాస్త రొక్కం పెట్టినచోట మరింత ఎక్కువగా.