సుమోనా... మారుతీనా?

సొంత కారు కావాలి. కొత్తది కొనే స్తోమత లేదు. నంద్యాల జిల్లా పాములపాడులాంటి ఊళ్లో ఈ మాట రాగానే ఇల్లు రెండు పక్షాలవుతుంది. అమ్మాయి ‘మారుతీ 800’ అంటుంది. పెద్దాయన ‘బండంటే సుమోనే’ అంటారు. ఇంతకీ ఏది మేలు?

చిన్నది... చురుకైనది!

1983 డిసెంబరులో తొలి మారుతీ 800 రోడ్డెక్కింది. 2014 జనవరిలో తయారీ ఆగింది. బరువు సుమారు 650 కిలోలు, ఇంజిన్ 796 సీసీ. లాగే శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది. నందికొట్కూరు మీదుగా కర్నూలు ఆసుపత్రికి వెళ్లాలన్నా, వెలుగోడు దారిన నంద్యాల చేరాలన్నా నలుగురికి హాయి. ఇదే కోవ ఇంజిన్‌ను ఆల్టో, ఆమ్నీల్లోనూ వాడారు కాబట్టి ఏ మెకానిక్‌కైనా చిరపరిచితమే. ఐదో మనిషి ఎక్కితేనే ఇరుకు. గుంతల్లో అడుగు తగులుతుంది.

మొండిఘటం

సీమ ఫ్యాక్షన్ సినిమాలతో ఊరూరా తెలిసిన సుమో 1994లో వచ్చింది. టెల్కోకు సారథ్యం వహించిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని అక్షరాలే దాని పేరు. తయారీ 2019లో ఆగింది. ఇనుప ఛాసిస్ మీద విడిగా బాడీ, డీజిల్ ఇంజిన్, వెనక చక్రాల లాగుడు. బానకచర్ల దగ్గర కాలువ గట్ల మీదా, మిరప బస్తాలతోనూ దీనిదే పైచేయి. కానీ లీటరుకు 800 వెళ్లినంత దూరం పోదు. ఎత్తు ఎక్కువ కాబట్టి దోర్నాల-శ్రీశైలం ఘాట్ మలుపుల్లో నెమ్మదిగా తిప్పాలి. చాలా సుమోల్లో వెనక ఎదురెదురు సీట్లుంటాయి. అక్కడ పిల్లల్ని కుక్కడం ప్రమాదం.

ఇంజిన్ కాదు... కాగితాలు!

ఇంజిన్ బాగుచేయించుకోవచ్చు. తుప్పు పట్టిన ఛాసిస్‌కు, లొసుగుల ఆర్‌సీకి మాత్రం మందు లేదు. అందుకే బేరానికి ముందు...

* సుమో అయితే ఛాసిస్, 800 అయితే ఫ్లోరు కింద వంగి చూడాలి.

* ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్‌సీతో సరిపోవాలి.

* ఫైనాన్స్ బాకీ ఉంటే ఎన్ఓసీ అడగాలి. టాక్సీగా తిరిగిందేమో చూడాలి.

* 15 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ చూపి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఈ రుసుమును 600 నుంచి 5 వేల రూపాయలకు పెంచారు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. చౌకగా వచ్చిన బండికి ఇదీ ఖర్చే!

లెక్క తేలిందిలా...

పొలం పని, బస్తాలు, పెద్ద కుటుంబం రోజువారీ మాటైతే సుమో. బడి, ఆసుపత్రి, పెళ్లిళ్లకైతే 800. ఏడాదికి రెండుసార్లు పదిమందీ శ్రీశైలం వెళ్తామని సుమో కొంటే, మిగతా రోజులన్నీ ఒక్కరి కోసం పదిమంది బండికి డీజిల్ పోయాలి. ఆ రెండు ప్రయాణాలకీ అద్దె బండి చాలు!