ఇద్దరి వంటిల్లు

మనిషి పుట్టిన ఊరిని విడిచి ఎంత దూరమైనా వెళ్లగలడు. కాని ఆ ఊరి రుచి మాత్రం అతనిని విడిచిపెట్టదు. బాల్యంలో తల్లి వడ్డించిన పదార్థాలే జీవితాంతం రుచికి కొలమానాలై నిలుస్తాయి. అందుకే వివాహం ఇద్దరు వ్యక్తులతో పాటు రెండు వంటిళ్లను కూడా కలుపుతుంది. జీవిత భాగస్వామి పుట్టింటి వంటను నేర్చుకొని, స్వయంగా వండి, ప్రేమతో వడ్డించాలనే కోరిక ఈ కలయికలోనే అంకురిస్తుంది. ఈ కోరిక వెనుక ఉన్న సంస్కారాన్నీ, దానిని సఫలం చేసుకొనే మార్గాన్నీ తెలుసుకోవడం అవసరం.

వంటకూ దాంపత్యానికీ ఉన్న అనుబంధాన్ని మన ప్రాచీన సాహిత్యం గుర్తించింది. మహాభారతం ఆరణ్యపర్వంలోని నలోపాఖ్యానం ఇందుకు మంచి నిదర్శనం. జూదంలో రాజ్యం కోల్పోయిన నలుడు రూపం మారి, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని కొలువులో ఉంటాడు. అతడు విదర్భకు వచ్చినప్పుడు దమయంతికి అనుమానం కలుగుతుంది. రూపం చూస్తే నలుడు కాడు. అప్పుడామె చెలికత్తె కేశిని చేత బాహుకుడు వండిన మాంసపు వంటకాన్ని తెప్పించి రుచి చూస్తుంది. పూర్వం ఎన్నోసార్లు చవిచూసిన రుచి అది. కన్ను పోల్చలేని భర్తను నాలుక పోల్చింది. నలపాకం అనే మాట నేటికీ తెలుగువారి నోట నిలిచి ఉంది. విరాటుని కొలువులో వలలుడై వంట చేసిన భీముని పేరిట భీమపాకం అనే మాట కూడా ఉంది. వంటకు పర్యాయపదాలైన ఈ రెండు పేర్లూ పురుషులవే కావడం గమనింపదగిన విషయం.

రెండవ నిదర్శనం దండి సంస్కృతంలో రచించిన దశకుమారచరితంలోని గోమిని కథ. ఈ గ్రంథాన్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. అభినవదండి అని ప్రసిద్ధి పొందాడు. కాంచీపురానికి చెందిన శక్తికుమారుడనే వర్తక యువకుడు వధువును వెదుకుతూ, కొంగున ఒక ప్రస్థం వడ్లు మూటగట్టుకొని ఊరూరా తిరుగుతాడు. ఈ వడ్లతోనే తనకు సంపూర్ణ భోజనం పెట్టగలరా అని కన్యలను అడుగుతాడు. అందరూ నవ్వి పంపించివేస్తారు. కావేరీ తీరంలో గోమిని అనే పేద కన్య మాత్రం అంగీకరిస్తుంది. వడ్లను ఎండబెట్టి, పొట్టు చెదరకుండా గింజను వేరు చేసి, నగలు మెరుగుపెట్టడానికి పనికివచ్చే ఆ పొట్టును కంసాలులకు అమ్మిస్తుంది. ఆ సొమ్ముతో కట్టెలూ పాత్రలూ తెప్పిస్తుంది. అన్నం వండి గంజి వారుస్తుంది. మిగిలిన బొగ్గులను సైతం అమ్మించి కూరలు, నెయ్యి, పెరుగు సమకూర్చుకుంటుంది. అరటి ఆకులో వరుసగా అన్నీ వడ్డిస్తుంది. ఆమె నేర్పుకు మెచ్చి శక్తికుమారుడు వివాహమాడతాడు.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే గృహిణి నైపుణ్యానికి ప్రశంసగా మాత్రమే మిగిలేది. కాని వివాహానంతరం అతడు ఆమెను నిర్లక్ష్యం చేసి, మరొక స్త్రీని ఇంటికి తెచ్చుకున్నాడని దండి చెప్పాడు. ఆమె ఓర్పుతో అతని మనస్సును తిరిగి గెలుచుకొని ఇంటికి యజమానురాలైంది. ఆనాటి దృష్టి ఆ ఓర్పును ఆదర్శంగా నిలిపింది. నేటి పాఠకునికి మరొక ప్రశ్న తోచక మానదు. పరీక్ష పెట్టినవాడు ఏనాడైనా ఆమె ఇష్టాన్ని అడిగాడా? ఒకరు ఎల్లప్పుడూ వండేవారుగా, మరొకరు ఎల్లప్పుడూ తీర్పు చెప్పేవారుగా ఉన్నచోట వంట పరీక్షగానే మిగిలిపోతుంది. నలుని వంటలో దమయంతి గుర్తించినది పూర్వానురాగం. గోమిని వంటలో శక్తికుమారుడు చూసినది పొదుపు. ఈ భేదం గ్రహించదగినది.

నేటి కాలంలో ఉద్యోగాలూ చదువులూ దూరప్రాంతాల వారిని దగ్గర చేస్తున్నాయి. నిజామాబాద్ జిల్లాలో ఆర్మూరును ఆనుకొని ఉన్న పెర్కిట్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ఇది పసుపు పండే నేల. వానాకాలం ఆరంభంలో విత్తిన పసుపు చేతికి రావడానికి దాదాపు తొమ్మిది నెలలు పడుతుంది. తవ్విన కొమ్ములను ఉడకబెట్టి, కళ్లాల్లో ఎండబెట్టి, మెరుగుపెట్టి మార్కెట్టుకు తరలిస్తారు. ఈ పంటకున్న ప్రాధాన్యం వల్లనే 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులో ప్రారంభమైంది. ఇక్కడి ఇళ్లలో జొన్నరొట్టె, పచ్చిపులుసు, సర్వపిండి పరిచితమైన వంటకాలు. సమీపంలోని అంకాపూర్ నాటుకోడి కూరకు పేరుపొందింది.

ఇటువంటి ఇంటికి అనంతపురం ప్రాంతం నుండి ఒక కోడలు వచ్చిందనుకుందాం. ఆమెకు ప్రియమైనవి రాగిసంగటి, ఊరిబిండి అని పిలిచే వేరుశనగ పచ్చడి. భార్య పుట్టినరోజున వీటిని తానే వండి ఆనందపరచాలని భర్త సంకల్పించాడు. మరుగుతున్న నీటిలో పిండి పోసి వెంటనే కలిపాడు. పిండి ఉండలు కట్టింది. లోపల పచ్చిగానే మిగిలింది. అప్పుడతడు ఫోనులో అత్తగారిని అడిగాడు.

“అత్తమ్మా, పిండి పోసినంక ఎంటనే కలుపాల్నా?”

“అప్పుడే కలపాకండి నాయనా. అన్నం మెత్తగా ఉడికినాక పిండి నడిమధ్య పోసి, మూత పెట్టి, సన్నసెగ మీద మగ్గనీయండి. ఆ తర్వాత తెడ్డుతో గట్టిగా గెలకండి.”

ఈ సమాధానంలో ఒక శాస్త్రముంది. పొడిపిండి ఒక్కసారిగా వేడినీటిలో కలిస్తే దాని పైపొర వెంటనే ఉడికి జిగురుగా మారుతుంది. ఆ పొర లోపలికి నీటిని పోనీయదు కనుక ఉండలు ఏర్పడతాయి. కదపకుండా మగ్గనిస్తే ఆవిరి పిండిలోకి మెల్లగా ఇంకుతుంది. తరువాత గెలికితే ముద్ద ఏకరూపంగా వస్తుంది. చేతులు తడిచేసుకొని ముద్దలు కట్టాలి.

అదే విధంగా ఆ కోడలు జొన్నరొట్టె నేర్చుకోవాలనుకుంటే ఆమెకూ ఒక చిక్కు ఎదురవుతుంది. గోధుమపిండిలో సాగే గుణమిచ్చే గ్లూటెన్ జొన్నపిండిలో లేదు. చన్నీళ్లతో కలిపితే రొట్టె అంచులు పగులుతాయి. వేడినీళ్లతో కలిపినప్పుడు పిండిపదార్థం కొంత ఉడికి బంధం ఏర్పడుతుంది. ముద్దను బాగా మర్దించి, చేతితో తడుతూ పలుచన చేయాలి. పెనంపై వేసిన వెంటనే పైభాగాన్ని తడి చేయాలి. ఏళ్ల తరబడి రొట్టెలు చేసిన అత్తగారి చేతివాటం ఒక్క రోజులో అలవడదు. పక్కన కూర్చొని చూడడమే దానికి గురుకులం.

ఈ ఉదాహరణలు కొన్ని సూత్రాలను బోధిస్తున్నాయి. మొదటిది, అడగడం. ఆశ్చర్యపరచాలనే తొందరలో రహస్యంగా చేసే ప్రయోగం కంటే, ఆ వంట ఎరిగిన పెద్దలను అడిగి చేసినది ఉత్తమం. ఆ సంభాషణ వల్ల రెండు కుటుంబాల మధ్య చనువు కూడా పెరుగుతుంది. రెండవది, ఇంటి పద్ధతిని గౌరవించడం. ఒకే పేరుగల వంటకం ఇంటింటికీ మారుతుంది. ముఖ్యంగా భాగస్వామి తిని పెరిగిన రుచి ఏదో తెలుసుకోవాలి. మూడవది, పోల్చకపోవడం. “మా అమ్మ ఇలా చేయదు” అనే ఒక్క మాట పూటంతా పడిన శ్రమను నీరుగారుస్తుంది. నాల్గవది, ఆరోగ్యానికి, ఆచారానికి సంబంధించిన పట్టింపులను ముందే తెలుసుకోవడం.

సంప్రదాయం మారనిదనే భావం కూడా సరికాదు. నేడు మన పచ్చళ్లకు ప్రాణమైన మిరప, అనంతపురం నేలలో స్థిరపడిన వేరుశనగ, ఇంటింటా వాడే టమాటా అమెరికా ఖండాల నుండి వచ్చినవే. గోమిని వండిన భోజనంలో మిరపకాయ లేదు. దూరదేశపు కాయను మన నేల సొంతం చేసుకోగలిగినప్పుడు, పొరుగు జిల్లా వంటను మన ఇల్లు సొంతం చేసుకోలేదా?

అయితే ఇక్కడ ఒక న్యాయం పాటించాలి. తరతరాలుగా అత్తవారింటి వంట నేర్చుకోవలసిన బాధ్యత కోడలిపైనే పడింది. ఆమె పుట్టింటి రుచులు పండుగకు వెళ్లినప్పుడు మాత్రమే లభించే అపురూప వస్తువులయ్యాయి. తనకిష్టమైన ముద్ద తన ఇంటి పొయ్యిపై ఏనాడూ ఉడకని స్త్రీకి ఆ ఇల్లు పూర్తిగా తన ఇల్లు అనిపించదు. భర్త ఆమె ఊరి వంటను నేర్చుకొని వండిన నాడు కంచంలో ఆహారంతో పాటు గుర్తింపు కూడా వడ్డించినవాడవుతాడు.

ఉప్పు తక్కువైతే మళ్లీ వేసుకోవచ్చు. రొట్టె మాడితే మరొకటి చేసుకోవచ్చు. నీవు పెరిగిన ఇల్లు నాకూ గౌరవనీయమే అనే భావం తక్కువైతే తీర్చే వడ్డన లేదు. పెర్కిట్ పసుపు వేసి కాచిన పప్పు పక్కన అనంతపురం సంగటి ముద్ద చేరిన కంచం ఆ గౌరవానికి చక్కని రూపం. ఒకరి రుచిని మరొకరు నేర్చుకొనే ఇంట్లో పుట్టే బిడ్డలకు రెండు ఊళ్లూ సొంత ఊళ్లే అవుతాయి.