లెడ్జరు పోతే పోయింది, కౌంటరు పోకూడదు

1985లో బ్యాంకులో చేరినవాళ్ళకు ముందుగా నేర్పే విద్య తేడా పట్టుకోవడం. నెలాఖరులో సేవింగ్స్ లెడ్జర్లన్నీ తెరిచి, ఒక్కో ఖాతాలో ఉన్న నిల్వను బ్యాలెన్సు బుక్కులోకి ఎక్కించి, మొత్తం కూడాలి. ఆ కూడిక జనరల్ లెడ్జరులోని అంకెతో పైసలతో సహా సరిపోవాలి. ఎప్పుడో గానీ సరిపోయేది కాదు. అప్పుడు మా హెడ్ క్లర్కు గారు తేడాను ముందు తొమ్మిదితో భాగించమనేవారు. శేషం మిగలకపోతే ఎవరో అంకెలు తారుమారుగా వేసి ఉంటారు. 5,400 వేయాల్సిన చోట 4,500 వేస్తే తేడా 900, తొమ్మిదికి వంద రెట్లు. శేషం మిగిలితే తేడాలో సగం తీసి, జమలో పడాల్సిన ఆ మొత్తం ఖర్చులో పడిందేమోనని ఫోలియో ఫోలియో తిరగేసేవాళ్ళం. బయట ఊరంతా భోజనాలు చేసి పడుకునే వేళకు మేమింకా ట్యూబులైటు కింద ఎర్ర సిరా టిక్కులు పెడుతూ ఉండేవాళ్ళం. దొరికిందంటే ఆ ఆనందం వేరు.

నేను గుంటూరు జిల్లాలో క్లర్కుగా చేరి, అక్కడే ఆఫీసరుగా రిటైరయ్యాను. మా పక్కింటి అమ్మాయి కూడా బ్యాంకు ఉద్యోగే. ఈమధ్య వచ్చి, "ఆంటీ, ఈ ఏఐ వస్తే మా ఉద్యోగాలు ఉంటాయంటారా?" అని అడిగింది. ఇదే ప్రశ్న మా తరమూ అడిగింది. నేను చేరడానికి రెండేళ్ళ ముందు, 1983 సెప్టెంబరులో, యంత్రాల వాడకం మీద బ్యాంకు యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది సి. రంగరాజన్ కమిటీ బ్యాంకుల్లో కంప్యూటర్లకు దారి వేసింది. యూనియన్ మీటింగుల్లో ఎక్కడ చూసినా మెషిన్లు వస్తే మన కుర్చీలు పోతాయన్న మాటే. అది ఉత్త భయమేమీ కాదు. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద ప్రభుత్వ రంగ బ్యాంకుల నుంచి సుమారు లక్ష మంది వెళ్ళిపోయారు. వాళ్ళలో నా పక్క సీట్లో కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. ఒకప్పుడు సిబ్బందిలో గుమాస్తాలదే పెద్ద వాటా. ఇప్పుడు ఆఫీసర్ల సంఖ్యే ఎక్కువ, గుమాస్తాలు తగ్గిపోయారు.

అయినా ఆ లెడ్జర్లు మళ్ళీ రావాలని నేను ఒక్కనాడూ కోరుకోలేదు. ఎందుకో చెబుతాను. చేతిరాత రోజుల్లో సేవింగ్స్ ఖాతాకు వడ్డీ ఎలా కట్టేవాళ్ళమో ఇప్పటి పిల్లలకు తెలియదు. ప్రతి నెలా పదో తారీకు నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ ఎంతో చూసి, దాని మీదే వడ్డీ. పదకొండో తారీకున పదివేలు తెచ్చి జమ చేసినా ఆ పదివేలకు ఆ నెల వడ్డీ లేదు. ఇరవై తొమ్మిది దాకా డబ్బు కదలకుండా ఉంచి ముప్పయ్యో తారీకున అవసరపడి తీసుకున్నా లేదు. ఖాతాదారుకు ఇది అన్యాయమని అందరికీ తెలుసు. కానీ వేల ఖాతాలకు రోజువారీ నిల్వ మీద చేత్తో వడ్డీ కట్టడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. కంప్యూటర్లు అన్ని బ్రాంచీలకూ వచ్చాక, 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీదే వడ్డీ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. చిన్న ఖాతాలవాళ్ళకు దశాబ్దాలుగా రాని పైసలు ఆ రోజు నుంచి రావడం మొదలైంది. యంత్రం వల్ల జరిగిన మేలు అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే.

కోర్ బ్యాంకింగ్ వచ్చిన తీరు కూడా చెప్పాలి. అంతకుముందు ఖాతా బ్రాంచిది. రేపల్లె బ్రాంచిలో డబ్బున్న మనిషికి గుంటూరు బ్రాంచిలో ప్రాణం మీదికొచ్చినా పైసా పుట్టేది కాదు, ఎందుకంటే అతని లెడ్జరూ, సంతకం కార్డూ రేపల్లె బీరువాలో ఉండేవి. 2000 తర్వాత ఒక్కో బ్యాంకూ తన ఖాతాలన్నిటినీ ఒకే కేంద్రంలోని కంప్యూటర్లలోకి మార్చింది. బ్యాంకుల్ని కలిపే నెట్‌వర్కు కోసం మన హైదరాబాదులోనే, మాసబ్ ట్యాంకు దగ్గర, రిజర్వు బ్యాంకు 1996లో పెట్టిన ఐడీఆర్‌బీటీ సంస్థ పనిచేసింది. మాకు మాత్రం ఆ రోజుల్లో నోటికి అలవాటైన మాట "లింకు లేదండీ". లింకు పోతే బ్రాంచి మొత్తం చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. పల్లె నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళు మెట్ల మీద కూర్చుని ఎదురుచూసేవాళ్ళు.

గుంటూరు మిర్చి యార్డు దగ్గరి బ్రాంచిలో పనిచేసినప్పుడు ఈ మార్పు విలువ కళ్ళారా చూశాను. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి, కర్నూలు నుంచి రైతులు మిర్చి బస్తాలు (టిక్కీలు) తెచ్చి అమ్మేవాళ్ళు. బయటూరి చెక్కు చేతికొస్తే అది కలెక్షనుకు పోస్టులో వెళ్ళి, డబ్బు పడేసరికి వారాలు గడిచేవి. ఈలోపు మళ్ళీ చేబదులు, దానికి వడ్డీ. ఆర్‌టీజీఎస్ 2004లో, నెఫ్ట్ 2005లో వచ్చాయి. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్ రాత్రీ పగలూ, ఆదివారమూ నడుస్తోంది. చెక్కు కూడా ఇప్పుడు ఊళ్ళు తిరగదు, దాని బొమ్మ మాత్రమే వెళ్తుంది. 2025 అక్టోబరు 4 నుంచి ఆ చెక్కులు రోజంతా ఎప్పటికప్పుడు క్లియరవుతున్నాయి. "మేడం గారూ, డబ్బులు పడ్డాయేమో చూడండి" అని కౌంటరు ముందు నిలబడే రైతు ఇప్పుడు యార్డు గేటు దాటకుండానే ఫోనులో చూసుకుంటున్నాడు. 2016లో మొదలైన యూపీఐలో 2025 ఆగస్టు నెల ఒక్కదాంట్లోనే లావాదేవీలు రెండువేల కోట్లు దాటాయి. ఆ బరువు మా పాత లెడ్జర్ల మీద పడి ఉంటే, దేశంలోని గుమాస్తాలందరూ నిద్ర మానుకున్నా సరిపోయేవాళ్ళు కాదు.

మరి ఇంత పని యంత్రం మోసుకుపోయాక మిగిలిన సమయం ఎవరికి దక్కింది? నేను అడగదలచిన అసలు ప్రశ్న ఇది. ఖాతాదారుకు దక్కాలి. దక్కలేదు. లెడ్జరు టాలీ అయితే మా రోజు ముగిసేది. ఇప్పటి బ్రాంచి మేనేజరుకు రోజు ముగియడమన్నదే లేదు. పొద్దున వీడియో మీటింగు, మధ్యాహ్నం వాట్సాప్ గ్రూపులో ఇప్పటిదాకా ఎన్ని ఇన్సూరెన్సు పాలసీలు, ఎన్ని కొత్త ఖాతాలు అన్న లెక్క, రాత్రి మళ్ళీ ఫోను. ప్రతి బ్రాంచీ అంకెలూ పైవాళ్ళ తెర మీద క్షణక్షణం కనబడుతుంటాయి. ఇరవై అయిదేళ్ళ పిల్లలు ఆ తెర భయంతో పనిచేయడం చివరి ఏళ్ళలో చూశాను. పింఛను కాగితం పట్టుకొచ్చిన ముసలాయన మొహం చూసే తీరిక వాళ్ళకు లేదు. ఆ తప్పు యంత్రానిది కాదు, మిగిల్చిన వేళను అమ్మకాలకు మళ్ళించిన నిర్ణయానిది.

ఇంకో సంగతి. పని కొంత బ్రాంచి గడప దాటి పల్లె అరుగు మీదికి వెళ్ళింది. వేలిముద్ర మిషను పట్టుకుని కూర్చునే బ్యాంకు మిత్రలు ఇప్పుడు మా పాత క్యాషియరు పనిలో సగం చేస్తున్నారు. డ్వాక్రా సంఘాల మహిళలు కూడా ఈ పనిలోకి వచ్చారు. ఊళ్ళోనే డబ్బు చేతికందడం మంచిదే. కానీ మిరప కోతలకు వెళ్ళే ఆడవాళ్ళ వేళ్ళు అరిగి గీతలు కనబడవు. అలాంటి ఒకామె చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఒక్కో వేలూ మార్చి పెడుతుంది. మిషను ఒప్పుకోదు. డబ్బు ఆమెది, చెయ్యి ఆమెది, అయినా ఆ రోజు ఒట్టి చేతులతో ఇంటికి పోవాలి. ఆమెకు సర్దిచెప్పే బ్యాంకు మిత్రకు కమీషనే తప్ప ఉద్యోగమంటూ లేదు. ఈ కొత్త బ్యాంకులో అందరికంటే తక్కువ రక్షణ ఉన్నది ఆ బ్యాంకు మిత్రకే.

ఇక ఏఐ సంగతి. దొంగ సొమ్ము దాటించడానికి అద్దెకిచ్చే ఖాతాల్ని పట్టుకోవడానికి మ్యూల్‌హంటర్ అనే వ్యవస్థను రిజర్వు బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ తయారుచేసింది. 2024 డిసెంబరులో ఆ సంగతి ప్రకటించారు. ఏళ్ళ తరబడి నిద్రపోయిన ఖాతాలోకి ఒక్క పూటలో పది ఊళ్ళ నుంచి డబ్బు వచ్చి, నిమిషాల్లో ఖాళీ అయితే, లక్షల ఖాతాల మధ్య దాన్ని ఏ మనిషి కన్నూ పట్టలేదు. ఆ పని యంత్రం చేయాల్సిందే, చేయనివ్వాలి.

యంత్రానికి కనబడనిది ఒకటుంది. మా బ్రాంచికి ఒక రిటైర్డు టీచరమ్మ వచ్చి, గడువు తీరని డిపాజిట్లన్నీ రద్దుచేసి వెంటనే ఎక్కడికో పంపమన్నారు. సంతకం సరిపోయింది, కేవైసీ సరిగ్గా ఉంది, ఖాతా ఆమెదే. కంప్యూటరు అన్నిటికీ పచ్చజెండా ఊపింది. కౌంటర్లో ఉన్న మా క్లర్కు అమ్మాయి మాత్రం ఆగింది. ఎప్పుడూ మనవడి కబుర్లు చెప్పే మనిషి ఆ రోజు కళ్ళెత్తి చూడటం లేదు. ఫోను బోర్లించి కౌంటరు మీద పెట్టారు, దాని అంచు నుంచి వెలుతురు వస్తూనే ఉంది. అంటే అవతల ఎవరో లైన్లో ఉండి వింటున్నారు. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా విత్‌డ్రాయల్ స్లిప్పు వెనక రాసి ముందుకు జరిపింది: "మిమ్మల్ని ఎవరైనా బెదిరిస్తున్నారా?" టీచరమ్మ చదివి, తల ఊపి, ఏడ్చేశారు. మీ పేరు మీద పార్శిల్లో మత్తుమందు దొరికింది, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, గది దాటి ఎవరికీ చెప్పకూడదు అని పోలీసు దుస్తుల్లో ఎవడో వీడియోకాల్లో గంటల తరబడి బెదిరించాడట. హైదరాబాదు బ్రాంచీల్లో కూడా సిబ్బంది ఇలాగే పెద్దల్ని కాపాడిన వార్తలు పత్రికల్లో వచ్చాయి.

అప్పుల్లోనూ ఇదే. ఇప్పుడు భూమి రికార్డు, ఖాతా చరిత్ర, క్రెడిట్ స్కోరు కలిపి చూసి నిమిషాల్లో రుణం ఇచ్చే ఏర్పాట్లు వస్తున్నాయి. పట్టాదారుకు అది వరమే. మా జిల్లాలో దున్నేవాళ్ళలో చాలామంది కౌలు రైతులు, వాళ్ళ పేరు ఆ రికార్డులో ఉండదు. వెనకటి ఫీల్డాఫీసరు చేలోకి దిగి, ఎవరు దున్నుతున్నారో, ఎవరు మాట మీద నిలబడతారో ఊళ్ళో నలుగురినీ అడిగి తెలుసుకునేవాడు. ఆ తెలివిడి ఏ ఫైల్లోనూ లేదు కాబట్టి ఏ యంత్రమూ దాన్ని నేర్చుకోలేదు.

అందుకే పక్కింటి అమ్మాయికి నేను చెప్పింది ఇది: కూడికలూ సరిచూడటాలూ పోతాయి, పోనీ. మనుషుల్ని ఎరిగి ఉండటం నీ ఉద్యోగం, దాన్ని ఒదులుకోకు. బ్యాంకుల పెద్దలకు నా విన్నపం కూడా అదే. కౌంటర్లో కూర్చున్నవాళ్ళకు అమ్మకాల లక్ష్యాలు తగ్గించండి, ఒకే బ్రాంచిలో కొన్నేళ్ళు ఉండనివ్వండి, అనుమానం వస్తే లావాదేవీ ఆపే అధికారం రాతపూర్వకంగా ఇవ్వండి.

చదివేవాళ్ళకు ఒక మాట. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఖాతా ఉంటే, ఈ నెలలో ఒకసారి వాళ్ళతో కలిసి ఆ బ్రాంచికి వెళ్ళండి. కౌంటర్లోవాళ్ళకు, మేనేజరుకు పరిచయం చేయండి. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదని ఇంట్లో అందరికీ చెప్పండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే ఫోను చేయాల్సిన నంబరు 1930.