మీకు తెలుసా? పొయ్యి ఎక్కితేనే మత్తు

పచ్చి గంజాయి పువ్వులో మత్తెక్కించే టీహెచ్‌సీ ఉండేది చాలా తక్కువ. ఎక్కువగా ఉండేది దాని ముడిరూపమైన టీహెచ్‌సీఏ అనే ఆమ్లమే. దానితో మత్తు రాదు. కానీ నిప్పు తగిలితే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోయి టీహెచ్‌సీ మిగులుతుంది. ఎండలోనూ, ఏళ్ల తరబడి నిల్వలోనూ ఇదే మార్పు నెమ్మదిగా జరుగుతుంది.

అమెరికా వ్యాపారులకు ఈ రసాయన శాస్త్రమే కలిసొచ్చింది. 2018 ఫార్మ్ బిల్ అనే వ్యవసాయ చట్టం, గంజాయి జాతిలో అనుమతి ఉన్న ‘హెంప్’లో ‘డెల్టా-9 టీహెచ్‌సీ (మత్తెక్కించే ఆ టీహెచ్‌సీయే) 0.3 శాతం మించకూడదు’ అంది, ముడిరూపం ఊసెత్తలేదు. ఇంకేం, టీహెచ్‌సీఏ పువ్వులు ‘హెంప్’ పేరుతో దుకాణాలకెక్కాయి. 2025 నవంబరులో చేసిన చట్టం టీహెచ్‌సీఏను కూడా లెక్కలోకి తెచ్చింది. అమలుకు ఏడాది గడువిచ్చింది.

చట్టం ఒప్పుకునే చోట కొనేవారు ముందు చూడాల్సింది ల్యాబ్ రిపోర్టు. దానిమీది బ్యాచ్ నంబరు, డబ్బామీది నంబరు ఒకటేనా? పురుగుమందులు, సీసం, బూజు పరీక్షించారా? తర్వాత చిన్న లెక్క: టీహెచ్‌సీఏ శాతాన్ని 0.877తో గుణించండి. లేబుల్ మీద టీహెచ్‌సీ 0.2, టీహెచ్‌సీఏ 20 అని ఉంటే, కాల్చినప్పుడు దాదాపు 17.7 శాతం దాకా టీహెచ్‌సీ అవుతుంది. అంటే అచ్చమైన గంజాయే! ఉద్యోగంలో చేరేముందు చేసే మూత్రపరీక్షలోనూ దొరికిపోవచ్చు.

అక్కడి మనవాళ్లు సెలవులకొస్తూ సూట్‌కేసులో పెట్టుకురావడం మాత్రం వద్దు. మన 1985 ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ పువ్వే. శాతాల మినహాయింపు లేదు.